ఇంట నున్నదే లింగార్పితము

శ్రీ గురు బసవలింగాయ నమః



ప్రతి గృహమునందును వారమున కొకమారైనను వినవచ్చు మాట యొకటి కలదు. "ఇంట్లో ఏమీ లేదు" అనునదే యా మాట. సంతకు ఇంకను రెండు దినములు మిగిలియుండగా కూరగాయల బుట్ట అడుగు కనబడినంతనే యిది పుట్టును. ఆ మాట పలికిన యిల్లాలి తలపైన అటుకమీద జాడీలు బారులు తీరియుండును. జొన్నల డబ్బా సగమునకు పైగా నిండియుండును. ఆముదము పట్టించిన కందిపప్పు, వేపాకు కలిపి పోసిన పెసలు, ఎండకాలమున ఎండబెట్టిన గోరుచిక్కుడు ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు, గుమ్మడి వడియములు, గురెళ్ళపొడి, పాత చింతపండు, ఊరగాయ యిన్నియు నుండును. ఫ్రిజ్ గల యిండ్లలో దాని పైయరలో మంచు పట్టిన డబ్బాలు మరికొన్ని యుండును. అందలి పచ్చిబఠానీలు, అనపగింజలు, కొబ్బరికోరు ఎన్నడు పెట్టినవో పెట్టినవారికే జ్ఞాపక ముండదు. అయినను ఇంట నేమియు లేదు!

ఈ మాట పలుకు తల్లులను ఆక్షేపించుటకు నేను కలము పట్టలేదు. మా యింటను వినబడు మాటయే యిది. నేనును పలికినవాడనే. అయితే మన పురాతనుల చరిత్రలు చదివినప్పుడెల్ల, నిజముగా నేమియు లేని యిల్లు ఎట్లుండును, ఆ యింట అతిథికి వంట ఎట్లు జరిగెను అను విషయము నా మనస్సును పట్టి లాగుచుండును.

అరువదిమువ్వురు పురాతనులలో ఇళయాన్గుడి మారనాయనా రొకడు. సేక్కిళారు కవి పన్నెండవ శతాబ్దమున రచించిన పెరియ పురాణమున నీ భక్తుని కథ యున్నది. ఆయన సేద్యగాడు, ఒకనాటి సంపన్నుడు. వచ్చిన శివభక్తుల కెల్ల అన్నము పెట్టుచు పెట్టుచు కలిమి తరిగి, పొలము లమ్ముకొని, తుద కొక చిన్న చెక్కకు వచ్చెను. వానకాలమున నొక రాత్రి, దంపతులు పస్తుండి పరుండిన వేళ, తడిసిన జంగమమూర్తి యొకడు తలుపు తట్టెను. ఇంట గింజ లేదు. ఇరుగుపొరుగువారి యొద్ద తెచ్చుకొనగల అప్పు లన్నియు తెచ్చుకొనుట యయినది. అపు డా యిల్లాలు భర్తతో నేమనెనో చూడుడు. పగలు పొలమున చల్లిన విత్తనములు కలవు గదా, వానిని ఏరి తెండని చెప్పెను.

ఆ చీకటిలో, ఆ జడివానలో, తలపై గంప బోర్లించుకొని, పాదములతో గట్టు తడవుకొనుచు మారుడు పొలమునకు పోయెను. నీటిపై తేలుచున్న మొలకవడ్లను చేతులతో దోసి గంప కెత్తెను. ఇల్లాలు వాకిటనే నిలిచి యుండి, అందుకొని, బురద కడిగెను. పొయ్యిలోనికి కట్టెలు లేవు. ఇంటికప్పు వాసాలు పెరికి యిచ్చెను. తడివడ్లను వేపి, దంచి, అన్నము వండెను. కూర లేదు; పెరటి గుంటలో లేతగా మొలచిన ఆకుకూర తెచ్చెను. ఆ యొక్క ఆకుతోనే ఆమె తన నేర్పుకొలది పలు తీరుల వంటకములు చేసినదని పురాణము చెప్పుచున్నది. ఈ తుదిమాట యందే నాకు మిక్కిలి యాదరము. అతిథి జ్యోతిస్స్వరూపుడై సాక్షాత్కరించుట కథకు ఫలశ్రుతి. ఒకే ఆకును పలు విధముల వండిన ఆ చేతి నేర్పు మన వంటయిండ్లలో నేటికిని కలదు. దాని నెవరును పురాణముగా వ్రాయలేదు.

మాదార చెన్నయ్య కథ మీకు తెలిసినదే. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ద్విపదలుగా మన తాతముత్తాతలు పాడుకొన్నదే. చోళరాజు బంగారు పళ్ళెరముల వడ్డించిన షడ్రసములకంటె, చెన్నయ్య చాటుగా నర్పించిన అంబలియే శివునికి ప్రియమైనది. దీనిని పెద్దగా విప్పి చెప్పను. అంబలి గొప్పది, పరమాన్నము తక్కువది అని దీని యర్థము కాదు. చెన్నయ్య యింట నున్నది అంబలి. ఉన్నదానిని దాచక అర్పించెను. అంతే.

ఇక నేను చెప్పదలచినది ఆయదక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము. వీరు నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని అమరేశ్వరమువారు. బసవేశ్వరుని కీర్తి విని కల్యాణమునకు వచ్చిరి. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. హైదరాబాదు నుండి షోలాపూరు పోవు మార్గమున, జహీరాబాదు దాటినవారికి అది దూరము కాదు. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము, 'ఆయ్ద' యనగా ఏరిన. ఏరిన బియ్యపు మారయ్య యని యాయన పేరు. బసవన్న మహామనెలో దినదినమును జంగమ దాసోహమునకు బియ్యము కొలిచి యిచ్చునప్పుడు అంగణమున గింజలు రాలెడివి. వానిని ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి, లింగమున కర్పించి, జంగమునకు పెట్టి, మిగిలినది తాము ప్రసాదముగా స్వీకరించుట లక్కమ్మ కాయకము. ఇరువురును వచనములు చెప్పినవారే. శూన్యసంపాదనమున వీరి ప్రసంగ మొక ప్రత్యేక ఘట్టముగా నున్నది.

ఒకనాడు మారయ్య అనుభవమండపమున శరణుల గోష్ఠిలో మైమరచి కూర్చుండెను. పొద్దు గడచెను. లక్కమ్మ వచ్చి కాయకము తప్పుచున్నదని హెచ్చరించెను. శివానుభవ గోష్ఠిలో నున్న భర్తనైనను పనికి లేపిన ధీరురాలు! మారయ్య తడబడి, పరుగున పోయి, ఆ తొందరలో దినవెచ్చమునకు మించిన బియ్యము ఏరి తెచ్చెను. లక్కమ్మ మూట చూచెను. ఇది మన దినపు కొలత కాదే, ఇంత యాశ మన కెందుకని యడిగెను. ఎక్కువైన బియ్యమును తీసికొని పోయి, ఎక్కడ ఏరెనో అక్కడనే పోసి రమ్మనెను.

ఈ కథను ప్రతి బసవజయంతి నాడును నేను చెప్పుచుందును. ఎన్ని సంవత్సరములు చెప్పితినో లెక్క లేదు. అయినను అం దొక సూక్ష్మము నాకు 2020వ సంవత్సరము వరకు బోధపడలేదు. అది యెట్లు బోధపడెనో చెప్పుట నాకు సిగ్గుచేటు. అయినను చెప్పెదను.

ఆ సంవత్సరము మార్చి 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ. మరునాటి ఉదయము బజారున జనుల ముఖములు మారిపోయినవి. దుకాణములు మూయుదురని, లారీలు రావని వదంతులు. నేను స్కూటరు తీసి, మాకు తెలిసిన కిరాణా దుకాణమునకు పోయి, రెండు బస్తాల బియ్యము ఇంటికి పంపుమని చెప్పి, అక్కడ మిగిలియున్న కందిపప్పు 20 కిలోలు అంతయు తూచుమంటిని. చక్కెర, నూనె సరేసరి. నా వెనుక నొక స్త్రీ నిలిచియుండెను. మా వీధి చివర నొక్క గది అద్దెకు తీసికొని యుండు కుటుంబము; భార్యాభర్తలు ఇండ్ల కట్టడపు కూలీలు. ఆమె అరకిలో పప్పు అడిగెను. దుకాణదారుడు నా సంచివైపు చూచి, చేతులు విప్పి చూపెను. నేనును చూచితిని. చూచియు, చూడనట్లు సంచి మూతి బిగించి కట్టితిని.

ఇంట మా గృహిణి కోపపడలేదు. సంచులు చూచి, "మనకు నెలకు కందిపప్పు ఎంత పడుతుందండీ?" అని యడిగినది. నాకు తెలియదు. పద్యమునకు గణవిభజన చేయగల నాకు, మా యింట నెలకు పప్పు ఎంత వండుదురో తెలియదు. "మూడు కిలోలు. అదీ చుట్టాలు వస్తే. డబ్బాలో ఇంకా రెండు కిలోలు ఉంది" అనినది. పిమ్మట కొంతసేపటికి, "వచ్చే నెల లక్కమ్మ కథ చెప్పాలి కదా మీరు. ఈ మూట పక్కన పెట్టుకుని ఎలా చెబుతారు?" అనినది.

నేను చిన్నబోయి, అయినచో కొంత పప్పు వీధి చివరి వారికి ఇచ్చివత్తునంటిని. అపు డామె చెప్పిన మాటయే నేను ఇన్నేండ్లు కనుగొనలేని సూక్ష్మము. "మీరు ఇస్తే అది మీ దయ అవుతుంది. ఆమె అడుక్కోవడానికి రాలేదు, డబ్బు పట్టుకుని కొనడానికి వచ్చింది. దుకాణంలో పెట్టి రండి. ఆమె కొనుక్కుంటుంది."

శరణులారా, లక్కమ్మ తన భర్తతో దానము చేసి రమ్మని చెప్పలేదు. మిగులు బియ్యమును పేదలకు పంచి పుణ్యము గట్టుకొందమని యనలేదు. తీసినచోటనే పోసి రమ్మనినది. అక్రమముగా తెచ్చినదానిని పంచిపెట్టుట దాసోహము కాదు. అది యొరుల సొమ్ముతో తన పేరు చెప్పుకొనుట. కాయకమున తన పాలికి వచ్చినదానిని అర్పించుటయే దాసోహము. మిగిలినది తనది కానేకాదు గనుక, ఇచ్చుటకును తన కధికారము లేదు. అంగణమున విడిచిన గింజ మరియొకని కాయకమునకు ఆధారమగును. లేదా పిచ్చుక కగును, చీమ కగును. ఇంత యర్థము ఆ చిన్న యాజ్ఞలో నిమిడియున్నది.

మరునాడు ఉదయమే 17 కిలోల కందిపప్పును, ఒక బియ్యపు బస్తాను తిరిగి యిచ్చివచ్చితిని. దుకాణదారుడు తెల్లబోయెను గాని సంతోషముగనే పుచ్చుకొనెను. ఆ రాత్రియే దేశమంతట 21 దినముల లాక్‌డౌన్ ప్రకటింపబడెను. మార్చి 25, శార్వరినామ సంవత్సర ఉగాది నాడు మొదలైనది. వేపపూవు మా పెరటిదే గనుక పచ్చడికి లోటు కలుగలేదు.

అప్పటినుండి మా వంటయింట జరిగినదానిని పాకశాస్త్రముగా వ్రాయుట నా యుద్దేశము కాదు. కాని కొంత చెప్పవలెను. మొదట నా గృహిణి ఒక పాత నోటుపుస్తకము తీసి, ఇంట నేమేమి కలదో, ఎంత కలదో వ్రాసినది. ఎనుబది దాటిన మా తల్లిగారు మంచముపై కూర్చుండియే మంత్రిత్వము నడపినారు. ఉలవలు డబ్బా అడుగున దొరకగా చారు, గోరుచిక్కుడు ఒరుగులు నానబెట్టి పులుసు, శనగపిండి నుడికించి పిట్ల, చింతపండు పచ్చిపులుసు, జొన్నరొట్టెలోనికి గురెళ్ళపొడి, కుసుమనూనె. పప్పు వండిన నాడు తాలింపు వేయకముందే కొంత కట్టు తీసి మరునాటి చారునకు వాడుట. బియ్యపు నూకతో ఉప్పుడుపిండి. ఇవన్నియు మా తల్లిగారి యౌవనమున నిత్యము నడచినవే. నాకును బాల్యమున తెలిసినవే. నడుమ సంతలు దగ్గరై, జీతములు పెరిగి, మరచితిమి. ఒరుగు లనగా ఎండకాలపు మిగులును వానకాలపు కొరతకు దాచుట; ఎండ, ఉప్పు అను రెండిటిచే తేమను తొలగించిన పదార్థము చెడదు. మా పిల్లవాడు ఫ్రిజ్ పైయర శోధించి, పేరు లేని డబ్బా నొకదానిని బయటకు తీసెను. మంచు కరగిన పిదప అది సంక్రాంతి నాటి పులిహోర పులుసని తేలినది. ఆ రాత్రి ఉగాదిలోని లోటు తీరినది! అప్పటినుండి మా యింట ఆ డబ్బాలపై తేదీ వ్రాసి అంటించుచున్నారు. ఎక్కువ చలి వస్తువు చెడుటను ఆపునే గాని, చెడుగును కలిగించు సూక్ష్మజీవులను చంపదు; అందుచేత కరగినదానిని మరల గడ్డకట్టింపరాదని పిల్లవాడు మా తల్లిగారికి పాఠము చెప్పగా, ఊరగాయలో తడిచేయి పెట్టరాదనుటయు అదియే గదా యని యామె నవ్వినారు.

ఇచ్చట నొక సందేహము. గతమున నొక ప్రసంగానంతరము ఒక సోదరి నన్నడిగినది: "ఫ్రిజ్‌లో దాచినది లింగానికి అర్పించవచ్చునా? అది చద్ది కాదా?" ఇష్టలింగధారియైన వీరశైవుడు అర్పింపనిదానిని తినడు గనుక, ఇది వంటయింటిలో నిత్యము ఎదురగు ప్రశ్నయే. నేను శాస్త్రనిర్ణయము చేయు పీఠాధిపతిని కాను. మా యింటి నడవడి చెప్పెదను. వండని గింజ, తరిగిన కాయ, తురిమిన కొబ్బరి, ఒరుగు, ఊరగాయ ఇవి పదార్థములు. ఎన్నాళ్ళు దాచినను, వండి అర్పించిన నాడే ప్రసాద మగును. అందు దోషము లేదు. ఊరగాయ యేడాది నిలువది కాదా? వండినదాని విషయమున మాత్రము, అర్పణమునకు ముందే తినగలిగినంత వేరుపరచి, మిగులును అప్పుడే తీసి దాచవలెను. అర్పించి పళ్ళెరమున పెట్టుకొన్నది ప్రసాదము. దానిని మిగిల్చి, దాచి, మరల అర్పించుట యనునది లేదు. అది అప్పుడే పూర్తిగా స్వీకరింపవలసినది.

మన పెద్దలు భోజనానంతరము పళ్ళెరము కడిగి ఆ నీటిని త్రాగెడివారు. నేటికిని మఠముల దాసోహమున వృద్ధులు అట్లు చేయుట చూడవచ్చును. పట్టణపు బంధువులు దీనిని చూచి ముఖము చిట్లించుట నే నెరుగుదును. అష్టావరణములలో ప్రసాద మొకటి. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. అంత యున్నతస్థానము పొందిన వస్తువును చెత్తబుట్టలో వేయువాడు ఏ మంత్రము జపించిన నేమి? వివాహ విందులలో మనవారే సగము తిని విడిచిన విస్తళ్ళను చూచినప్పుడు, నాకు లక్కమ్మ యా పందిట లేకపోవుట మేలనిపించును. ఉన్నచో విందు సాగనిచ్చెడిది కాదు.

కొందరు మరియొక ప్రశ్న వేయుదురు. శరణులు రేపటికి దాచుకొనరాదు గదా, గృహస్థుడు జాడీలు నింపుకొనుట తప్పు కాదా? నా మనవి యేమనగా, మారయ్య కల్యాణములో దినదినము రాలు గింజలపై నాధారపడినవాడు. మన రైతునకు పంట ఏటి కొకటి రెండుమారులే వచ్చును. మూడుమాసముల పంటను పండ్రెండు మాసములు తినవలెను, విత్తనము మిగుల్చుకొనవలెను. దాచనిచో ఇంటికి తలుపు తట్టి వచ్చిన జంగమునకు పెట్టున దేమి? తుమకూరు సిద్ధగంగా మఠమున వేలకొలది బాలురకు దినమును అన్నము పెట్టుచున్నారు. 2019 జనవరిలో 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శివకుమార మహాస్వాములు బహుదశాబ్దములు నడపిన దాసోహ మది. అచ్చటి కొట్లలో ధాన్యము రాసులుగా నుండును. ఆ రాసిని లక్కమ్మ తప్పుపట్టదు. నిలువ యున్నదా లేదా యని ఆమె యడుగలేదు. దినపు కొలత యెంత, ఇంత యెందుకు వచ్చినదని యడిగెను. తన యింటి కొలత తనకు తెలియని నావంటివాడే భయమున మూటలు కట్టును. మా గృహిణికి మూడు కిలోలని తెలియును గనుక ఆమెకు భయము కలుగలేదు.

ఆ యేడు బసవజయంతి ఏప్రిల్ 26న వచ్చెను. సభ లేదు, ఊరేగింపు లేదు. నేను మా యింటి వసారాలో మా తల్లిగారికి, భార్యకు, పిల్లవానికి లక్కమ్మ కథ చెప్పితిని. పప్పు కథయు దాచక చెప్పవలసి వచ్చినది. మా తల్లిగారికి అప్పటివరకు తెలియదు. ఆమె ఏమియు అనక విభూతి తీసి నా నుదుట పెట్టినారు. ఇంట మిగిలిన గోధుమరవ్వ, బెల్లముతో పాయసము చేసి, అర్పించి, ఒక గిన్నెడు వీధి చివరి యింటికి పంపితిమి. కట్టడపు పనులు నిలిచి ఆ దంపతులు ఇంటనే యుండిరి. ప్రభుత్వము కార్డుపై మనిషికి 12 కిలోల చొప్పున ఇచ్చిన బియ్యముతో గడుపుకొనుచుండిరి.

మరునాడు వారి పిల్లవాడు గిన్నె తెచ్చి గడపమీద పెట్టి దూరముగా నిలిచెను. గిన్నె నిండ చింతచిగురు. చెరువుకట్ట మీది చెట్టెక్కి తానే కోసినాడట.

"ఇవన్నీ ఎందుకురా?" అని మా గృహిణి యడిగినది.

"ఉత్త గిన్నె ఇయ్యొద్దన్నది మా అమ్మ" అని పరుగెత్తిపోయెను.

ఆ రాత్రి మా యింట లింగమున కర్పింపబడినది చింతచిగురు పప్పు.